ఒంటెను కట్టేయడమూ తవక్కులే

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలు కురియుగాక!



ఒకప్పుడు హజ్ యాత్ర అంటే బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. ఇప్పుడు పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారు శంషాబాద్‌లో విమానమెక్కితే కొన్ని గంటల్లో జిద్దాలో దిగుతున్నారు. 2023లో గన్నవరం నుంచే హజ్ విమానాలు బయలుదేరాయి. విమానంలో కూర్చోగానే మనం ప్రయాణ దుఆ చదువుకుంటాం. ఈ వాహనాన్ని మనకు వశపరచినవాడు పరిశుద్ధుడని, మన శక్తితో దాన్ని లోబరుచుకోలేకపోయేవాళ్ళమని, చివరకు ప్రభువు వద్దకే మరలిపోవాలని ఒప్పుకునే దుఆ అది (జుఖ్రుఫ్ 43:13-14). అదే సమయంలో విమాన సిబ్బంది ఆక్సిజన్ మాస్కు చూపించి సూచనలు చెబుతుంటారు. మనలో చాలామంది అటు చూడరు. "దుఆ చదివాం కదా, అల్లాహ్ చూసుకుంటాడు" అంటారు. ఈ మాటలో సగం ఈమాన్, సగం నిర్లక్ష్యం.

ఆ గాలి ఎక్కడిది?

విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగురుతుంది. అక్కడి పలుచటి గాలిలో మనిషి బతకలేడు. అందుకే లోపలికి గాలిని ఒత్తిడితో పంపుతూ, ఎనిమిది వేల అడుగుల కొండ మీదో, అంతకన్నా తక్కువ ఎత్తులోనో ఉన్నట్లు ఉంచుతారు. ఆ ఒత్తిడి పడిపోయి, లోపలి గాలి సుమారు 14 వేల అడుగుల ఎత్తులోని గాలిలా పలుచబడితే పైనుంచి మాస్కులు వాటంతటవే కిందికి వేలాడతాయి. వాటిలో ఆక్సిజన్ సాధారణంగా 12 నుంచి 15 నిమిషాలు వస్తుంది. ఆలోగా పైలట్లు విమానాన్ని పది వేల అడుగులకు దించుతారు. అక్కడ మామూలుగా ఊపిరి పీల్చుకోవచ్చు. కాబట్టి విమానం వేగంగా కిందికి దిగుతుంటే కూలిపోతోందని కంగారుపడి లేవకూడదు. బెల్టు బిగించుకుని, మాస్కును గట్టిగా లాగి, ముక్కూ నోరూ కప్పేలా పెట్టుకోవాలి. సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది.

మార్గభ్రష్టుడి హృదయం ఎంత ఇరుకైపోతుందో చెబుతూ అల్లాహ్, ఆకాశంలోకి ఎక్కేవాడి ఎదతో దాన్ని పోల్చాడు (అన్‌ఆమ్ 6:125). ఊపిరి ఎంత గొప్ప అనుగ్రహమో ఎత్తుకు వెళ్ళినవాడికి బాగా తెలుస్తుంది.

ముందు ఎవరికి?

ఒడిలో బిడ్డ ఉన్న తల్లికి సిబ్బంది ఏం చెబుతారు? ముందు మీరు పెట్టుకోండి, తర్వాత బిడ్డకు పెట్టండి అంటారు. తల్లి మనసు దీన్ని ఒప్పుకోదు. ఇది స్వార్థం కాదా, తమకు లేకున్నా ఇతరులకే ప్రాధాన్యమిచ్చిన అన్సారులను ఖుర్‌ఆన్ మెచ్చుకోలేదా అని అడగవచ్చు.

మెచ్చుకుంది. అయితే అన్సారుల త్యాగం వల్ల ఎదుటివాడికి మేలు జరిగింది. ఇక్కడ సంగతి వేరు. 35 వేల అడుగుల ఎత్తున మనిషికి పని చేయగల స్పృహ ఉండేది అర నిమిషం నుంచి ఒక నిమిషం. తల్లి స్పృహ తప్పితే బిడ్డకు మాస్కు పెట్టేదెవరు? తాను ముందు పెట్టుకున్న తల్లి, కొన్ని క్షణాల్లోనే బిడ్డకూ పెట్టగలదు. ముందు నీతో మొదలుపెట్టమని ప్రవక్త (సఅసం) ఒక సహచరునికి బోధించారు. అది ఖర్చు విషయంలో చెప్పిన మాటే అయినా, అందులోని క్రమం మనకు దారి చూపుతుంది. మన చేతులారా మనల్ని వినాశనంలో పడవేసుకోరాదన్నది కూడా అల్లాహ్ ఆజ్ఞే (బఖరా 2:195).

ఇహ్రామ్, నఖాబ్, నమాజు

ఇహ్రామ్‌లో ఉన్నవారు మాస్కు పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. పెట్టుకోవాలి. ప్రాణాపాయంలో నిషేధం సడలుతుంది. ఇహ్రామ్‌లో తలకు బాధ కలిగినవారికి సడలింపునూ, దానికి పరిహారాన్నీ ఖుర్‌ఆనే చెప్పింది (బఖరా 2:196). మాస్కు వల్ల పరిహారం ఏమైనా ఉందా అన్నది నేలపై దిగాక ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు. నఖాబ్ ధరించిన సోదరి దాన్ని వెంటనే తొలగించి, మాస్కు చర్మానికి ఆనేలా పెట్టుకోవాలి. నమాజులో ఉన్నవారు నమాజు ఆపి మాస్కు అందుకోవాలి. ప్రాణం దక్కాక నమాజు మళ్ళీ చేసుకోవచ్చు.

హెచ్చరికను గుర్తించనివారు

2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్‌కు బయలుదేరిన హీలియోస్ విమానంలో ఒత్తిడిని నియంత్రించే మీట మాన్యువల్‌లో ఉండిపోయింది. బయలుదేరే ముందు తనిఖీల్లో ఎవరూ దాన్ని పట్టుకోలేదు. ఆకాశంలో హెచ్చరిక మోత మోగింది. పైలట్లు దాన్ని వేరే లోపానికి సంబంధించినదనుకున్నారు. కాసేపటికి స్పృహ కోల్పోయారు. విమానంలోని 121 మందీ చనిపోయారు. మన దేశంలోనే 2018 సెప్టెంబరు 20న ముంబయి నుంచి జైపూర్‌కు బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో, గాలి ఒత్తిడికి సంబంధించిన మీట వేయడం సిబ్బంది మరచిపోయారు. పలువురు ప్రయాణికులకు ముక్కు నుంచి, చెవుల నుంచి రక్తం కారింది. అల్లాహ్ దయవల్ల విమానం క్షేమంగా వెనక్కి వచ్చింది. చేతిలోని పని అమానతు. దాన్ని ఏమరుపాటుగా చేస్తే ఎందరి ప్రాణాల మీదికి వస్తుందో చూడండి.

ఇంకో సంగతి గమనించండి. ఆక్సిజన్ తగ్గినప్పుడు చాలామందికి బాధే తెలియదు. పైగా అంతా బాగుందన్న భావన, ఒక్కోసారి ఉల్లాసం కూడా కలుగుతుంది. తాను మునిగిపోతున్నానని మునిగేవాడికే తెలియదు.

గఫ్లత్ కూడా అచ్చం ఇలాంటిదే. ఫజ్ర్ తప్పిన మొదటి రోజు మనసు నొచ్చుకుంటుంది. నెల గడిచాక నొచ్చుకోదు. వడ్డీ సొమ్ము ఇంట్లోకి వచ్చిన మొదటిసారి చెయ్యి వణుకుతుంది, తర్వాత వణకదు. అప్పుడు మనం "బాగానే ఉన్నాం" అంటాం. ప్రాణం గొంతులోకి వచ్చేదాకా తౌబా ద్వారం తెరిచే ఉంటుంది. కానీ తౌబా చేయాలన్న స్పృహ అప్పటిదాకా మిగిలి ఉంటుందన్న హామీ ఎవరికుంది? హెచ్చరిక వినబడుతున్నప్పుడే చేయి చాచాలి.

ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టేయి, తర్వాత నమ్ముకో అని దైవప్రవక్త (సఅసం) బోధించారు (తిర్మిజీ). ఈసారి విమానమెక్కినప్పుడు దుఆ చదవండి. తర్వాత తలెత్తి, ఆ సిబ్బంది చెప్పేది చివరిదాకా వినండి. రెండూ కలిస్తేనే తవక్కుల్.

అల్లాహ్ మన ప్రయాణాలను సురక్షితం చేయుగాక! గఫ్లత్ నుంచి మన హృదయాలను కాపాడుగాక! ఆమీన్.