ఎవరికీ చెప్పకూడని నంబరు

పోయినేడు ఐదో తరగతి పిల్లలకు ఫోను వాడకం గురించి పాఠం చెప్పాను. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, అడగకుండా ఒకరి ఫొటో ఇంకొకరికి పంపకూడదు అని బోర్డు మీద రాశాను. వెనక వరుసలోంచి ఒక పాప లేచింది. "సార్, నిన్న మా అమ్మను నంబరు మీరే అడిగారు కదా?" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి పాఠం ముగించాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాప అన్నది నిజమే. పిల్లల పేర్లు ఆన్‌లైన్‌లో నమోదు చేయడానికి గడువు దగ్గర పడింది. వాళ్లమ్మ పత్తి ఏరుతుంటే చేనుకు వెళ్లి, సిగ్నల్ అందే గుట్ట దాకా తీసుకెళ్లాను. ఆమెకు అంకెలు రావు. నంబరు రాగానే ఫోను నా చేతికిచ్చింది. చదివింది నేనే, కొట్టింది నేనే. "నాకు సమ్మతమే" అనే గడిలో టిక్కు పెట్టిందీ నేనే. దేనికి ఒప్పుకున్నదో ఆమెకు తెలియదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా చదవలేదు, అంతా ఇంగ్లీషులో ఉంది. మన గుంజాల గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది, కానీ సమ్మతి అడిగే చోటికి మన భాష ఇంకా రాలేదు.

డిజిటల్ అంతరం అనగానే మనం టవరు గురించి, ఫోన్ల గురించి మాట్లాడతాం. అదీ ఉంది. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైతే మా గూడెంలో చాలామంది పిల్లలకు అవి అందలేదు. ఇంటికి ఒకటే ఫోను, అదీ తండ్రితో చేనుకు పోయేది. టవరు ఈ రోజు కాకపోతే రేపు వస్తుంది. ఒకరి పేరు మీద ఇంకొకరు బటన్ నొక్కే అలవాటు మాత్రం టవరు వచ్చాక ఇంకా పెరుగుతుంది.

మన తాతలు షావుకారి కాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కథలు వినని ఇల్లు మనలో లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము ప్రాణమిచ్చిన తర్వాత హైమన్‌డార్ఫ్ మన ప్రాంతానికి వచ్చాడు. 1943లో మార్లవాయిలో బడి పెట్టించి గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేయించాడు. కాగితం చదివేవాడు మనలోంచే ఉండాలన్నది అందులోని ఆలోచన. నేను ఆ వరుసలోని వాణ్ణి. డీఎడ్ చదివి వచ్చి మళ్లీ వేలిముద్రే వేయించాను.

తోటి పంతులు ఒకాయన, "మేలు కోసమే కదా, ఒక్కొక్కరికీ విడమరిచి చెబితే గడువు దాటిపోతుంది, నష్టపోయేది పిల్లే" అన్నాడు. ఈ మాటను నేను కొట్టిపారేయలేను. ఆమె నన్ను నమ్మింది, నేను మోసం చేయలేదు. కానీ చదువుకున్నవాడు అడిగితే ఫోను ఇచ్చేయాలన్న అలవాటు ఆమెకు చేసింది నేనే. రేపు ఇంకెవడో తెల్ల చొక్కా వేసుకొని వచ్చి అడిగితే, నాకూ అతనికీ తేడా ఆమె ఎలా కనిపెడుతుంది?

వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మంచిదే. అయితే ఆ చట్టం తల్లికి బిడ్డకంటే ఎక్కువ తెలుసని అనుకుంటుంది. మా గూడెంలో ఫోను సంగతి తల్లికి చెప్పేది బిడ్డే.

అందుకే ఇప్పుడు నంబరు పిల్లలే చదివి తల్లికి గోండిలో చెబుతారు. నేను ఫోను ముట్టుకోను. ఏం తీసుకుంటున్నారు, ఎవరికి పంపుతున్నారు, వద్దంటే ఏమవుతుంది అన్న మూడింటికి ముందు నేను జవాబు చెప్పాలి. పని ఆలస్యమవుతోంది. ఒక తండ్రి బిడ్డ ఫొటో వద్దన్నాడు. అదే రాసి పంపితే పైనుంచి ఫోను వచ్చింది. "వద్దన్నారు సార్" అన్నాను, అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మూడో ప్రశ్నకు చాలాసార్లు నాకే జవాబు తెలియదు. తెలియదనే చెబుతున్నాను.

ఆ పాప తల్లి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆ రోజు దేనికి ఒప్పుకున్నదో చదివి తెలుసుకొని చెప్పాను. పత్తి ఏరుతూనే అంతా విని, "ఆ రోజే చెప్పకపోయావా దాదా?" అంది.