ఇంటి గుట్టు ఎవరి గుట్టు?

కార్మెన్ మరియా మచాడో 2019లో రాసిన ‘ఇన్ ద డ్రీమ్ హౌస్’ గురించి ఎవరిని కదిపినా ముందు దాని నిర్మాణం గురించే చెప్తారు. ఒక అధ్యాయం దెయ్యాల కొంప కథలా, ఇంకోటి ఏ పేజీకి వెళ్లాలో పాఠకులే ఎంచుకునే పిల్లల పుస్తకంలా ఉంటుంది. నిజమే, బాగుంటుంది. నన్ను పట్టుకున్నది మాత్రం అంతకంటే మొరటు ప్రశ్న. అసలు ఆమె ఇది రాయొచ్చా?

అయోవాలో చదువుకునే రోజుల్లో మచాడో ఒకమ్మాయిని ప్రేమించింది. ఆ ప్రేమ అనుమానాలుగా, అరుపులుగా, విసిరికొట్టిన వస్తువులుగా మారింది. చివరికి తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేని స్థితి. ఇందులో ఏ మగవాడూ లేడు. చిక్కంతా అక్కడే.

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటాం కదా. విభీషణుడిది ధర్మమే అని ఒప్పుకుంటూనే ఆ పేరు పిల్లలకి పెట్టుకోం. క్వీర్ మనుషులకి ఈ సామెత ఇంకా గట్టిగా తగులుతుంది. ఇప్పుడిప్పుడే నలుగురూ మనల్ని మనుషుల్లా చూస్తున్నారు, ఇప్పుడే ఇది బయటపెట్టాలా అని అడిగేది శత్రువులు కాదు, స్నేహితులు. వాళ్ల భయం ఉత్తదని నేననను. ఇంట్లో ఇంకా చెప్పుకోని ఏ వరంగల్ అమ్మాయికో ‘చూశావా, మేం చెప్పలా?’ అనే మాట రేపు ఎదురవ్వొచ్చు. ఆ ఖరీదు కట్టేది మచాడో కాదు.

అయినా సరే, రాయాలనే అంటాను. వరకట్న కేసులు ఎన్ని వచ్చినా, ఆడామగా పెళ్లిళ్లు రద్దు చేయాలని ఎవరూ అడగలేదే! ప్రవర్తన సర్టిఫికెట్ చూపిస్తేనే ఇస్తామంటే అది హక్కెలా అవుతుంది? పైగా మౌనానికీ ఖరీదుంది. దాన్ని ఆ తలుపు వెనకాల ఉన్న మనిషి ఒక్కతే కడుతుంది.

మచాడో డెబ్రా రీడ్ గురించి కూడా రాసింది. తమని హింసించినవాళ్లని చంపి, అమెరికాలో జైలుకెళ్లిన ‘ఫ్రేమింగ్‌హామ్ ఎనిమిది’లో ఒకరు, నల్లజాతి స్త్రీ. ఆమెను హింసించింది కూడా స్త్రీయే. ఇద్దరూ ఆడవాళ్లయితే ఇందులో బాధితురాలెవరు అనే చోటే వినేవాళ్లు తడబడతారు. వినడానికి ఒక నమూనా కథ ఉండాలి. అది లేనప్పుడు నిజం చెప్పినా అబద్ధంలా వినిపిస్తుంది.

మన దగ్గరా అంతే. 2005 నాటి గృహహింస చట్టం స్వలింగ సంబంధాలను గుర్తించదని 2013లో ఇంద్రా శర్మ కేసు తీర్పులో సుప్రీంకోర్టు రాసింది. 2018లో ఆ ప్రేమ నేరం కాకుండా పోయింది. దాంట్లోని హింసకి మాత్రం ఇంకా సరైన పేరు దొరకలేదు.

ఆ రెండో అమ్మాయి సంగతో? ఆమెకి జవాబు చెప్పే చోటు పుస్తకంలో లేదు. మచాడో ఆమె పేరు రాయలేదు. అది కొంత న్యాయం, పూర్తి న్యాయం కాదు. ఏ జ్ఞాపకాల పుస్తకమూ పూర్తి న్యాయం చేయలేదనుకుంటాను.

ఇంకో మాట. ఇప్పటి మచాడో ‘నేను’, అప్పటి మచాడో ‘యూ’. తెలుగులో ఎవరైనా చేస్తే ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా? ‘మీరు’ అంటే ఆ పిల్ల ఎవరో పరాయిదైపోతుంది. ‘నువ్వు’ అనే అనాలి. కానీ ఆ ఇంట్లో అరిచిన గొంతు కూడా తెలుగులో అయితే ఆమెను ‘నువ్వు’ అనే పిలిచేది.