నొప్పి విషయంలో ఎవరి మాట ప్రమాణం?

కీమో ఎక్కించుకున్న మనిషికి ఆ రాత్రి ఎంత నీరసంగా ఉందో, నోరు ఎంతగా పూసిందో, కాలివేళ్ల తిమ్మిరి ఎక్కడిదాకా పాకిందో ఏ స్కానూ చూపించదు. రక్తపరీక్ష తెల్లకణాల లెక్క చెబుతుంది, సీటీ స్కాన్ గడ్డ కొలత చెబుతుంది. బాధ మాత్రం, పడుతున్న మనిషి చెబితేనే మరొకరికి తెలుస్తుంది. ఆ చెప్పిన మాటకు మనం ఏ స్థానం ఇవ్వాలి? సాక్ష్యంగా స్వీకరించాలా, ఓదార్పు చెప్పి పక్కన పెట్టాలా? రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు తమ లక్షణాలను ఎప్పటికప్పుడు ఫోన్‌లో నమోదు చేసే యాప్‌లు పైకి సాంకేతిక విషయంలాగే కనిపిస్తాయి. కానీ వాటి మంచిచెడ్డలు తేలేది ఈ ప్రశ్న దగ్గరే. నా వాదన ఇది: బాధ గురించి బాధపడేవారి మాటే ప్రమాణం, ప్రమాణమని ఒప్పుకున్న మాటకు బదులు పలకడం ధర్మం. యాప్ ఈ రెంటికీ కట్టుబడినంత మేరకే మంచిది.

ఈ ప్రశ్న హైదరాబాద్‌కు మరీ దగ్గరిది. 2012–16 లెక్కలతో 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, వయసు తేడాలను సరిచేసి చూస్తే, రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది హైదరాబాద్ జిల్లాలోనే: లక్ష మంది స్త్రీలకు 48. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా పెరిగిన ఐటీ కారిడార్‌లో ఇవాళ పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులున్నాయి. ఆప్టమ్, ప్రావిడెన్స్, మెడ్‌ట్రానిక్ వంటి సంస్థల కేంద్రాల్లో వైద్యరంగానికి సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీర్లున్నారు. ఇదే నగరంలో, రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి దూర జిల్లాల నుంచి పేదలు వస్తారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వారి కీమో ఖర్చు భరిస్తోంది. ఎక్కడ చేయించుకున్నా చికిత్స తీరు దాదాపు ఒకటే. చాలా పద్ధతుల్లో సైకిల్‌కూ సైకిల్‌కూ మధ్య రెండు మూడు వారాలు ఎడం. మందు ఎక్కేది కొన్ని గంటలు, దాని పర్యవసానం అనుభవించేది మాత్రం ఇంట్లో, ఆసుపత్రి కంటికి కనిపించని రోజుల్లో. ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2017లో ఈ నగరం నుంచే రొమ్ము ఆరోగ్యంపై 12 భాషల్లో యాప్ తెచ్చింది. అది రోగికి సమాచారం అందించే పని. రోగి నుంచి సమాచారం అందుకోవడం ఇంతకంటే కష్టమైన పని, ఎందుకంటే అందుకున్నవారి మీద ఒక బాధ్యత పడుతుంది.

భారతీయ తర్కశాస్త్రం జ్ఞానానికి మార్గాలేమిటో చాలా జాగ్రత్తగా విచారించింది. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని, అంటే ఆప్తుడి మాటను, స్వతంత్ర ప్రమాణంగా ఒప్పుకుంది. ఎవరు ఆప్తుడు? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు చెప్పిన లక్షణం సూటిగా ఉంటుంది: విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయన స్పష్టం చేశాడు. పుట్టుక, చదువు, హోదా లెక్కలోకి రావు. ఈ కొలతతో చూస్తే, తన ఒంట్లో రేగుతున్న మంట గురించి చెప్పే స్త్రీ, ఆమెకు అక్షరం ముక్క రాకపోయినా సరే, ఆ విషయంలో ఆప్తురాలే. వైద్యుడికి ఆమె నొప్పి ప్రత్యక్షం కాదు. ముఖకవళికల నుంచి, బరువు తగ్గడం నుంచి ఆయన ఊహించేది అనుమానం మాత్రమే. ఆ ఒక్క విషయంలో ఆమె మాటకంటే దగ్గరి దారి మరొకటి లేదు.

అయితే ఆప్త లక్షణంలో రెండో భాగం, చెప్పాలన్న కోరిక, ఇక్కడే చిక్కు తెస్తుంది. ఓపీలో పదిమంది వెనక నిలబడి ఉంటే, పక్కన భర్తో కొడుకో ఉంటే, “బాగానే ఉందండి డాక్టరుగారూ” అన్న మాట తేలిగ్గా వచ్చేస్తుంది. నిజం చెబితే డోసు తగ్గిస్తారేమో, చికిత్స ఆపేస్తారేమో అన్న భయం ఒకటి. ఇంట్లోవాళ్లకు భారమవుతానన్న జంకు మరొకటి. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలని చెప్పి, రోగికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగు లెక్కపెట్టింది: జ్ఞాపకశక్తి, చెప్పినట్టు నడుచుకోవడం, భయం లేకపోవడం, తన జబ్బు సంగతి తెలియజెప్పగలగడం. మూడు వారాల కిందటి వాంతుల లెక్క ఎవరికి గుర్తుంటుంది? భయం లేకుండా చెప్పడం ఎంతమందికి సాధ్యం? ఇది ఊహాగానం కాదు. 2015లో ఇటలీ పరిశోధకులు మూడు క్లినికల్ ట్రయల్స్‌లోని 1,090 మంది రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల వివరాలు పోల్చి చూశారు. రోగులు తమకు ఉన్నాయని రాసిన ఆకలి మందగించడం, వికారం, విరేచనాలు వంటి ఆరు దుష్ప్రభావాల్లో, వైద్యుల రికార్డుకు ఎక్కకుండా పోయినవి లక్షణాన్ని బట్టి 40 నుంచి 74 శాతం దాకా ఉన్నాయి. అక్కడ వైద్యులు నిర్లక్ష్యం చేశారనడానికి లేదు. ఆ మాట అందే ఏర్పాటు లేదు, అంతే.

ఏర్పాటు చేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో 766 మంది ముదిరిన క్యాన్సర్ రోగులతో జరిగిన అధ్యయనంలో, పన్నెండు లక్షణాలను ఆన్‌లైన్‌లో తామే నమోదు చేసినవారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మామూలు పద్ధతిలో చూసినవారిది 26 నెలలు. ఈ ఫలితం 2017లో వెలువడింది. 2021లో వచ్చిన ఈస్మార్ట్ అధ్యయనం మన విషయానికి ఇంకా దగ్గరిది. ఐదు యూరప్ దేశాల్లో రొమ్ము, పెద్దపేగు, రక్త క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 829 మంది అందులో పాల్గొన్నారు. వారిలో ఫోన్ ద్వారా రోజూ లక్షణాలు చెప్పుకున్నవారి బాధ కీమోకు ముందున్న స్థాయి దగ్గరే నిలిచింది, మిగతావారిది పెరిగింది. దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. తర్వాత అమెరికాలో 52 కేంద్రాల్లో 1,191 మందితో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో అత్యవసర విభాగానికి పరుగెత్తవలసిన పరిస్థితి ఆలస్యమైంది, జీవన నాణ్యత మెరుగుపడింది, కానీ ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరి ఈ శ్రమంతా ఎందుకు? బాధ తగ్గించడం ఆయుష్షు పెంచడానికి సాధనం మాత్రమే అనుకుంటేనే ఈ ప్రశ్నకు బలం. బుద్ధుడు తన ధర్మాన్ని దుఃఖమనే సత్యంతో మొదలుపెట్టి, దాన్ని సంపూర్ణంగా తెలుసుకోవడమే మొదటి కర్తవ్యమన్నాడు. ఆ ధర్మం శతాబ్దాలపాటు వర్ధిల్లిన అమరావతి, నాగార్జునకొండల నేలపై పుట్టిన మనకు, బాధ ఉపశమించడం దానంతట అదే ఒక లక్ష్యమని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకంటే లోతైన అభ్యంతరం మన సంస్కృతి లోపలి నుంచే వస్తుంది. ఓర్పు స్త్రీకి భూషణమంటారు. శీతోష్ణాలూ సుఖదుఃఖాలూ వచ్చి పోయేవే, సహించమని గీత రెండో అధ్యాయం చెబుతుంది. అలాంటప్పుడు రోజూ బాధను లెక్కగట్టి చెప్పుకోవడం బలహీనత కాదా? కాదు. గీత కోరిన తితిక్ష మనసు తల్లడిల్లకుండా నిలవడం, ఉన్నదాన్ని లేదని చెప్పడం కాదు. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాల కౌంట్ బాగా పడిపోతుంది. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది గంటల్లో ప్రాణాంతకం కాగలదు. ఆసుపత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆ జ్వరాన్ని తెల్లారేదాకా ఓర్చుకోవడం ఏ యోగమూ కాదు. అదే గీత ఏడో అధ్యాయంలో భగవంతుణ్ణి ఆశ్రయించే పుణ్యాత్ముల్లో ఆర్తుణ్ణి కూడా చేర్చింది. పోతన భాగవతంలో గజేంద్రుడు తన బలమంతా ఉడిగాక మొరపెట్టుకుంటే, ఆ మొరను ఎవరూ పిరికితనమనలేదు. శంఖచక్రాలు అందుకునే వ్యవధి కూడా తీసుకోకుండా కదిలి వచ్చిన రక్షకుడి తొందరనే తెలుగువాళ్లు తరతరాలుగా తలచుకున్నారు. మొర పెట్టుకోవడం ఆర్తుడి హక్కు, ఆలస్యం చేయకపోవడం వినేవారి ధర్మం.

బాధను సున్నా నుంచి పది దాకా అంకెల్లో కుదించడం మనిషిని చిన్నబుచ్చడమేనని మరికొందరంటారు. అంకె బాధను పూర్తిగా చెప్పలేదన్నది నిజమే. కానీ నిన్న మూడు, ఇవాళ ఏడు అన్న తేడా నర్సు చేత ఫోన్ ఎత్తిస్తుంది, ఆ తర్వాత మాటామంతీ మొదలవుతుంది. ఆ సంభాషణ లేకపోతేనే అంకె అవమానం. రోజూ అడిగితే జబ్బు ధ్యాసే పెరుగుతుందన్న భయంలోనూ కొంత నిజముంది. ఇవాళ చెప్పను అని ఊరుకునే స్వేచ్ఛ రోగికి ఉండాలి. ఆ వివరాలు యజమాని చేతికో బీమా కంపెనీ చేతికో చేరకూడదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం చేసుకున్నాం. అయితే చట్టం అడిగే సమ్మతి ఒక్క బటన్ నొక్కుతో తీరిపోయే లాంఛనం కాకూడదు. వైద్యం కోసం నమ్మి చెప్పిన మాటను మరో పనికి వాడటం విశ్వాసఘాతుకం.

అసలు పరీక్ష వినే వైపే ఉంది. ఈస్మార్ట్ పద్ధతిలో ప్రమాద సంకేతం వస్తే అరగంటలో రోగితో మాట్లాడే బాధ్యత వైద్య సిబ్బందిపై పెట్టారు. ఫలితం వెనకున్నది ఫోన్ ఒక్కటే కాదు, ఈ కట్టుబాటు కూడా. మాదాపూర్‌లో అర్ధరాత్రి ఒక సర్వర్ ఆగిపోతే ఆన్‌కాల్‌లో ఉన్న ఇంజనీరు నిద్రలేచి నిమిషాల్లో లాగిన్ అవుతాడు. యంత్రం మొరకు ఇంత క్రమశిక్షణతో పలికే చోట, జ్వరంతో వణికే మనిషికి “మీ వివరాలు నమోదయ్యాయి” అన్న సందేశం ఒక్కటే దక్కితే అది అధర్మం. చెప్పించుకుని వినకపోవడం అసలు అడగకపోవడం కంటే ఘోరం, ఎందుకంటే తన మాట ఎవరికో చేరిందన్న నమ్మకంతో ఆమె ఆసుపత్రికి బయల్దేరడం మానేస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు తెలంగాణలో సుమారు 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సగంకంటే కాస్త తక్కువ. మిగతావారికి మామూలు ఫోన్‌కు వచ్చే తెలుగు కాల్, లేదా ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త ఆ పని చేయాలి. వాత్స్యాయనుడి కొలత ఫోన్ ధరను బట్టి మారదు. కాబట్టి ఇలాంటి యాప్ తయారుచేసేవారూ, కొనే ఆసుపత్రులూ మొదట తేల్చుకోవలసింది అది ఎన్ని లక్షణాలు అడుగుతుందన్నది కాదు. రాత్రి రెండు గంటలకు వచ్చిన కబురుకు బదులు చెప్పే మనిషి ఎవరు, ఆ మనిషికి జీతం ఎవరిస్తారు, అంబులెన్సు పంపే అధికారం ఉందా లేదా అన్నది. ఈ మూడింటికీ జవాబు సిద్ధమయ్యేదాకా ఏ రోగినీ “ఇవాళ ఎలా ఉంది?” అని అడిగే హక్కు మనకు లేదు. సిద్ధమయ్యాక అడగకపోవడానికి సాకూ లేదు.