హబక్కూకు మొదటి అధ్యాయం

డిసెంబరు వచ్చిందంటే పల్నాడులో పాస్టరుకు ఊపిరి ఆడదు. అడ్వెంట్ ఆదివారాలతో మొదలై సెమీ క్రిస్మస్‌లు, యూత్ క్రిస్మస్, స్త్రీల సమాజం క్రిస్మస్, మండలంలోని సంఘాలన్నీ కలిసి చేసే ఐక్య క్రిస్మస్, రాత్రిళ్ళు కేరల్స్, పండగనాటి ఆరాధన, 31 రాత్రి కూడిక, తెల్లవారితే వాగ్దాన కార్డులు. ప్రతిచోటా వాక్యం చెప్పాలి. ప్రతిచోటా అదే లూకా రెండో అధ్యాయం, అదే పశువుల తొట్టి, అవే గొర్రెల కాపరులు. ఇన్నిసార్లు కొత్తగా ఏం చెబుతారని కుర్ర పాస్టర్లు అడుగుతుంటారు. కొత్తది వెతకొద్దంటాను. కథ పాతదే అయినా వినేవాళ్ళు నిరుటివాళ్ళు కారు. పోయిన పండక్కి ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఈ ఏడు లేడు. పెళ్ళికూతురిగా వచ్చిన పిల్ల చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. అప్పు తీర్చినవాడూ, అప్పులో కూరుకుపోయినవాడూ ఒకే చాప మీద కూర్చుని ఉంటారు. వాళ్ళ ముఖాలు చూస్తూ చెబితే ఆ కథ ప్రతి ఏడూ వేరుగానే వినిపిస్తుంది, చెప్పేవాడికి కూడా.

నాకు కష్టమనిపించేది ఆ కథ చెప్పడం కాదు, దాని వెనకే రావలసిన కృతజ్ఞత గురించి చెప్పడం. అన్ని పరిస్థితుల్లోనూ కృతజ్ఞతలు చెల్లించమని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. చదివి వినిపించడం తేలిక. అయితే మా ప్రాంతంలో డిసెంబరంటే పత్తి చివరి తీతలు, మిర్చి పూత, కాత. పంట చేతికొస్తుందా రాదా అన్నది తేలే నెల. ప్రసంగ పీఠం మీద చెప్పిన ప్రతి మాటనూ మా విశ్వాసులు చేలోకి తీసుకెళ్ళి సరిచూసుకుంటారు.

2021 చలికాలం పల్నాడు రైతు మరిచిపోలేడు. మిర్చిని నల్ల తామర పురుగు పట్టింది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిన పురుగు, ఆరేళ్ళకు మన మిరప పూలలోకి వచ్చింది. పువ్వులో చేరి పుప్పొడి తినేస్తుంది; పూత రాలిపోతుంది, కాయ పట్టదు. రైతులు మందు మీద మందు కొట్టారు, నీలం రంగు జిగురు అట్టలు కట్టారు, చివరికి చాలామంది తోటలు దున్నేశారు. ఎకరాకు లక్ష దాటే పెట్టుబడి, దాని మీద కౌలు, దాని మీద వడ్డీ.

ఆ డిసెంబరులో ఒక రాత్రి కేరల్స్‌కి వెళ్ళినప్పుడు ఒక కౌలు రైతు ఇంటి ముందు ఆగాం. పిల్లలు డప్పు కొట్టి పాడుతున్నారు. ఇంటాయన నన్ను పక్కకు పిలిచి, చొక్కా జేబులోంచి ఒక మిరప పువ్వు తీసి నా అరచేతిలో దులిపాడు. సెల్‌ఫోన్ లైటు వేస్తే నలుసుల్లాంటి నల్లటి పురుగులు చేతి గీతల వెంట పరుగెడుతున్నాయి. "చూడండి అయ్యగారూ. దీనికి కూడా స్తుతి చెప్పాలా?" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఈలోగా ఆయన భార్య పిల్లలందరికీ టీ ఇచ్చి, కానుక డబ్బాలో ఒక నోటు మడిచి వేసింది. బయలుదేరుతుంటే దగ్గరకు వచ్చి మెల్లగా, "ఈసారి మా పేరు చదవమాకండి అయ్యగారూ" అంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి హబక్కూకు గ్రంథం తీశాను. మూడే అధ్యాయాలు, పావుగంటలో అయిపోతుంది. పంట పోయిన ఏడాది పాస్టర్లంతా ఎత్తుకునేది మూడో అధ్యాయం చివర. చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డి ఖాళీ అయినా తన దేవునిలో ఆనందిస్తానని ప్రవక్త అక్కడ అంటాడు. ఎంతో గొప్ప మాట. కానీ ఆ ప్రవక్త గ్రంథాన్ని స్తుతితో మొదలుపెట్టలేదు, ఫిర్యాదుతో మొదలుపెట్టాడు. ఇంతగా మొర పెడుతున్నా నీకు వినపడదా, ఈ అన్యాయం చూస్తూ ఎందుకు ఊరుకున్నావని దేవుణ్ణి నిలదీస్తాడు. రెండో అధ్యాయంలో, జవాబు వచ్చేదాకా కదలనన్నట్టు కావలి గోపురం ఎక్కి నిలబడతాడు. దేవుడు కూడా నోర్మూసుకోమనలేదు, జవాబిచ్చాడు. నిలదీసి, కాచుకుని, విన్న తరవాతే మూడో అధ్యాయపు పాట. మొదటి రెండూ దాటేసి మూడోదాన్ని ఎదుటివాడి నోట్లో కుక్కే హక్కు ఏ ప్రసంగీకుడికీ లేదు.

అడ్వెంట్ చివరి ఆదివారం మొదటి అధ్యాయమే చెప్పాను. ఆమెన్‌లు తక్కువ వినపడ్డాయి. కానీ ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు, ఏళ్ళ తరబడి గుళ్ళో నోరు విప్పని మగవాళ్ళు లేచి వడ్డీల సంగతి, పురుగుమందుల కొట్టులో బాకీ సంగతి చెప్పారు. సంఘానికి అప్పటిదాకా తెలియని లెక్కలు అవి.

మొర పెట్టడం అవిశ్వాసమని అనుకునేవాళ్ళకు మా పల్నాటి కవినే చూపిస్తాను. జాషువ 1895లో వినుకొండలో పుట్టాడు. క్రైస్తవ కుటుంబం. 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. అంతకు చాలా ముందు, 1941లో వచ్చిన 'గబ్బిలం'లో ఆయన రాసింది ఒక ఆకలిగొన్న అంటరానివాడి ఫిర్యాదు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు కాబట్టి, గుడిలో వేలాడగల గబ్బిలం చేత శివుడికి తన గోడు పంపుకుంటాడు. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం బొత్తిగా లేనివాడు ఎవరికి గోడు పంపుతాడు? జేబులో పువ్వు దాచుకుని నా కోసం ఎదురుచూసిన ఆ రైతు విశ్వాసం పోయినవాడు కాదు. విశ్వాసం పోయినవాడు కేరల్స్ బృందానికి తలుపు తియ్యడు.

మరి కృతజ్ఞత దేనికి? గొర్రెల కాపరులనే చూడండి. బేత్లెహేము వెళ్ళి శిశువును చూసి, దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్ళారని లూకా రాశాడు. ఎక్కడికి తిరిగి వెళ్ళారు? అదే మందకు, అదే చలికి, అదే కాపలాకు. వాళ్ళ బతుకులో కూలి పెరగలేదు, రోము పన్ను తగ్గలేదు. తమలాంటివాళ్ళ దగ్గరకు, పశువుల పాకలోకి దేవుడు వచ్చాడన్న సంగతి తెలిసింది. ఆ ఒక్కదానికే వాళ్ళు పాడారు. కానుక వేస్తే పంట రెట్టింపవుతుందని మైకులో చెప్పేవాళ్ళను విన్నప్పుడల్లా నాకు ఈ కాపరులు గుర్తొస్తారు, కోపం వస్తుంది. కృతజ్ఞతను వడ్డీ వ్యాపారం చేయడం సువార్త కాదు. వడ్డీకి ఇప్పటికే నలిగిపోయిన జనం ముందు ఆ మాట చెప్పడం పాపం.

ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ప్రథమఫలాల అర్పణ ఉంది. మా సంఘాల్లో కోత పండుగకు చదువుతారు. గుమ్మడికాయలు, కందులు, కోడిపెట్ట, ఇంట్లో వండిన బూరెలు బల్ల మీద పెట్టి, తరవాత వేలం పాడే పండుగ. గంపతో యాజకుడి ముందు నిలబడినవాడు ఏం చెప్పాలో ఆ అధ్యాయంలో ఉంది. వాడు ముందు తన చేను సంగతి ఎత్తడు. తన పూర్వీకుడు దిక్కులేక తిరిగినవాడని, ఐగుప్తులో వెట్టి చేశామని, ఏడిస్తే దేవుడు విన్నాడని చెప్పి, అప్పుడు గంప దించుతాడు. ఆ తరవాత లేవీయుడితో, తన మధ్య ఉన్న పరదేశితో కలిసి సంతోషించాలి.

మా జనానికీ చెప్పుకోవలసిన అలాంటి కథే ఉంది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ మధ్యలో అమెరికా వెళ్ళి వైద్యం చదువుకుని వచ్చి, 1849లో గురజాలలో మకాం పెట్టాడు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని. ఆ తరవాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నానికీ విశ్వాసానికీ బేరం పెట్టకూడదని ఆనాడే ఆయనకు తెలుసు. ముందు కూలి ఇప్పించాడు, స్తుతి దానంతటదే వచ్చింది.

ప్రథమఫలాల అధ్యాయంలోని పరదేశి అన్న మాట కూడా మాకు దూరం కాదు. పత్తి, మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో వచ్చి చేల గట్ల మీద పట్టాల గుడారాలు వేసుకుంటాయి. క్రిస్మస్ ప్రేమవిందుకు వాళ్ళను పిలవడం మా సంఘం అలవాటు చేసుకుంది. ఎవరి మతం ఏమిటని అడగం. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క బంతిలో కూర్చోబెట్టిన చాపకూడు ఈ నేల మీదిదే. కారెంపూడిలో వీరుల ఉత్సవాల్లో నేటికీ ఏటా చాపకూడు పెడతారు. ప్రభువు బల్ల గురించి మావాళ్ళకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

తోటి సేవకులకు ఒక మనవి. ఈ 31 రాత్రి సాక్ష్యాలకు సమయం ఇచ్చినప్పుడు, మేలు పొందినవాళ్ళతో పాటు పొందనివాళ్ళనూ మాట్లాడనివ్వండి. పంట పోయిన ఇంటికి, మనిషి పోయిన ఇంటికి ప్రసంగానికి ముందే వెళ్ళి రండి. కృతజ్ఞతార్పణల పట్టీలో పేరు, సొమ్ము మైకులో చదివే పద్ధతి మానేయండి. మా సంఘంలో 2022 నుంచి చదవడం లేదు, కానుకలు తగ్గలేదు.