పగులుకూ వయసుంటుంది

2022 అక్టోబర్ 30 సాయంత్రం గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నది మీది వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. కొందరు కుర్రాళ్లు వంతెనను ఊపడం వల్లే తెగిందన్న మాట వెంటనే పుట్టింది, ఆ వీడియోలూ తిరిగాయి. తర్వాత ప్రత్యేక దర్యాప్తు బృందం తెగిన ప్రధాన కేబుల్‌ను పరిశీలిస్తే, అందులోని 49 తీగల్లో 22 తుప్పు పట్టి ఉన్నాయనీ, అవి ఆ రోజుకు ముందే తెగిపోయి ఉండవచ్చనీ తేలింది. ఇనుప తీగ తెగిన కొనను చూస్తే ఇది తెలుస్తుంది. ఎప్పుడో తెగినదైతే కొన మీద కూడా తుప్పు పేరుకుంటుంది, అప్పుడే తెగినదైతే లోహం మెరుస్తూ ఉంటుంది. కుర్రాళ్లు ఊపిన మాట నిజమే అనుకున్నా, వాళ్లు ఊపింది సగం కేబుల్ మీద వేలాడుతున్న వంతెనను. విరిగిన భాగాలను పరీక్షించి కారణం చెప్పే ఇంజనీర్ల వృత్తి అంతా ఈ సంగతి మీదే నిలబడి ఉంది. విరగడం ఒక్క క్షణంలో జరిగిపోయే పని కాదు. అది చాలాకాలం సాగి, ఒక్క క్షణంలో ముగుస్తుంది. ఆ ముగింపు మాత్రమే మన కంట పడుతుంది కాబట్టి, ఆ వేళకు అక్కడున్న మనిషి మీదకు తప్పు నెట్టేస్తాం. నా దృష్టిలో ఇది తొందరపాటు మాత్రమే కాదు, అన్యాయం కూడా.

విరిగిన పంపు షాఫ్టును చేతిలోకి తీసుకుని చూడండి. విరిగిన ముఖంలో ఎక్కువ భాగం నున్నగా, మసకగా ఉంటుంది. కీ కూర్చునే గాడి (కీవే) మూల దగ్గర ఒక చిన్న చోట మొదలై, వంపు తిరిగిన గీతలు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి సాగి ఉంటాయి. ఎండాకాలంలో చెరువు నీరు తగ్గుతూ పోతే గట్టు మీద మట్టం మట్టానికీ ఒక చార మిగిలినట్టు ఉంటాయవి. యంత్రం ఆగినప్పుడో, దాని మీద పడే భారం మారినప్పుడో పగులు నడకలో వచ్చిన తేడా ఇలా గీతగా మిగులుతుంది. అవతలి అంచున మాత్రం కొంత మేర గరుకుగా, చిరిగినట్టు ఉంటుంది. చివరి రోజున విరిగింది అంతవరకే. ఆ గరుకు భాగం చిన్నదైతే, షాఫ్టు మీద పడిన భారం ఎక్కువేమీ కాదని అర్థం. మామూలు భారమే లక్షల సార్లు పడి పగులును ముందుకు నడిపించింది. అలాంటప్పుడు ఆపరేటర్ ఓవర్‌లోడ్ చేశాడని రాసిన రిపోర్టు తప్పని ఆ ముక్కే చెబుతుంది. అదే, గీతలు చుట్టుకొలత పొడవునా చాలా చోట్ల నుంచి మొదలై ఉంటే సంగతి వేరు. అక్కడ ఒత్తిడి నిజంగానే ఎక్కువ పడింది. ఇంత స్పష్టంగా కనిపించే దాన్ని కూడా మనుషులు వెంటనే చదవలేకపోయారు. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి వస్తున్న రైలు ఇంజన్ ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగిన కాలంలో, కుదుపులకు ఇనుము లోపల స్ఫటికంగా మారి పెళుసైపోతుందని చాలామంది ఇంజనీర్లు నమ్మేవారు. ఇనుము గుణం మారలేదనీ, ఇరుసు మందం మారే మూలల దగ్గర పగులు కొద్దికొద్దిగా పెరుగుతోందనీ రాంకిన్ అనే ఇంజనీర్ 1843లో చెప్పినా, అది అందరి తలకెక్కడానికి ఏళ్లు పట్టింది.

పగులు నడిచిన కాలం ఎంత పొడవుగా ఉండగలదో 1989 జూలై 19న అమెరికాలో జరిగిన ప్రమాదం చూపించింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం తోకలోని ఇంజన్‌లో ఫ్యాన్ డిస్కు గాలిలోనే ముక్కలైంది. ఎగిరిపడిన ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ దెబ్బతీశాయి. సూ సిటీలో దిగబోతూ కూలిన ఆ విమానంలో 296 మంది ఉంటే 112 మంది చనిపోయారు. డిస్కులో పెద్ద ముక్క మూడు నెలల తర్వాత అయోవాలో ఒక పొలంలో దొరికింది. అది దొరకకపోతే మిగిలేది ఊహే. దాన్ని పరీక్షిస్తే కథ 1971 దాకా వెనక్కి వెళ్లింది. టైటానియం కరిగించి దిమ్మగా పోసినప్పుడే నత్రజని చేరి గట్టిపడిన చిన్న మచ్చ ఒకటి లోహంలో ఉండిపోయింది. మళ్లీ మళ్లీ పడే భారానికి పెరిగే ఫెటీగ్ (లోహపు అలసట) పగులు అక్కడే మొదలై, డిస్కు పనిలో ఉన్న పదిహేడేళ్లూ పెరిగింది. పగులు ముఖం మీద రంగు మారిన భాగం ఇంకో సంగతి చెప్పింది. ప్రమాదానికి 760 ప్రయాణాల ముందు, రంగు ద్రవంతో ఆఖరి తనిఖీ జరిగిన రోజున, పగులు అప్పటికే దాదాపు అర అంగుళం పొడవుంది. అయినా ఎవరి కంటా పడలేదు. దర్యాప్తు సంస్థ ఈ తప్పును తనిఖీదారు ఒక్కడి మీద వేసి ఊరుకోలేదు. మనిషి చూపుకీ శ్రద్ధకీ ఉన్న హద్దులను లెక్కలోకి తీసుకోని తనిఖీ పద్ధతినే ప్రధానంగా తప్పుపట్టింది. లోహపు అలసట అని రాసి ఫైలు మూసేసి ఉంటే ఇవేవీ బయటికి వచ్చేవి కావు. ఫెటీగ్ అన్నది ఎలా విరిగిందో చెప్పే మాట. ఎందుకు విరగనిచ్చామన్నది దాని తర్వాత అడగాల్సిన ప్రశ్న.

కొన్ని నిజంగానే ఒక్క పెట్టున విరుగుతాయి కదా అని అనుభవజ్ఞులు అడుగుతారు. విరుగుతాయి. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, కదలని నీళ్లలో కట్టేసి ఉన్న షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ పెద్ద చప్పుడుతో నడిమికి విరిగింది. అలాంటి పగులు కళ్లు మూసి తెరిచేలోగా ఓడ పొడవు దాటేస్తుంది, దాని ముఖం మీద ఏళ్ల నాటి గీతలేవీ ఉండవు. కానీ ఆ క్షణానికి కావాల్సిన సరంజామా అంతా అంతకుముందే సిద్ధంగా ఉంది. వెల్డింగ్‌లో లోపం ఉంది. ఆ ఉక్కు చలికి పెళుసైపోయే రకం, పైగా అది జనవరి. రివెట్లతో బిగించిన పాత ఓడల్లో పగులు ఒక ప్లేటు అంచు దగ్గర ఆగే అవకాశం ఉండేది. అంతా వెల్డింగే అయ్యాక ఆగే చోటే లేకుండా పోయింది. గాటు పెట్టిన ఉక్కు దెబ్బకు ఎంత తట్టుకుంటుందో కొలిచే చార్పీ పరీక్ష ఆ శతాబ్దపు తొలి ఏళ్ల నుంచే ఉన్నా, ఓడ ప్లేట్లు కొనేటప్పుడు దాన్ని అడిగేవారు కారు. ఎంత చలికి ఉక్కు పెళుసవుతుందో కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ వెలికితీసింది ఇలాంటి ఓడలు విరుగుతున్న రోజుల్లోనే. కాబట్టి అభ్యంతరంలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటూనే ఒక మాట చేరుస్తాను. పగులు వయసు క్షణమే అయినా, దానికి దారి తీసిన నిర్ణయాల వయసు ఏళ్లు.

దీనికంటే బరువైన అభ్యంతరం చనిపోయినవాళ్ల కుటుంబాలది. కారణాన్ని ఇలా ఏళ్ల వెనక్కి లాక్కుంటూ పోతే, అందరి మీదా తలా కాస్త పంచితే, చివరికి బాధ్యులే ఉండరు కదా అని వాళ్ల భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. సాంకేతిక నివేదికల చాటున తప్పించుకున్నవాళ్లను జనం చూశారు. అయితే కాలాన్ని సరిగ్గా చదివితే బాధ్యత పలచబడదు, దానికి తేదీ దొరుకుతుంది. 1985 ఆగస్టు 12న 520 మందిని బలిగొన్న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమానం సంగతే చూడండి. 1978లో దాని తోక నేలకు రాసుకుంది. ఆ మరమ్మతులో, క్యాబిన్ గాలి ఒత్తిడిని ఆపే గోడ అయిన వెనకవైపు ప్రెషర్ బల్క్‌హెడ్‌కు రెండు వరసల రివెట్లు మోయాల్సిన భారం ఒక్క వరస మీద పడేలా ప్లేటు అతికారు. పన్నెండు వేలకు పైగా ప్రయాణాలు చేశాక అది చీలిపోయింది. ఆ రోజు విమానం నడిపినవాళ్ల తప్పు ఇసుమంతైనా లేదని తేల్చింది ఆ రివెట్ల వరసే. ఏ పని, ఏ ఏడు, ఏ ప్లేటు అన్నది అంత కచ్చితంగా చూపించింది కూడా అదే. కుటుంబాలకు కావాల్సిన న్యాయం ఈ దారిలోనే ఉంది.

నిజాయితీగా చెప్పాలంటే, కాలం ఉండి నేరం లేని కేసులూ ఉన్నాయి. 1928లో ఒహాయో నది మీద కట్టిన సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబర్ 15న కూలి 46 మంది చనిపోయారు. వంతెనను మోసే ఐబార్ అనే కడ్డీల్లో ఒకదాని కన్ను లోపలి అంచున పుట్టిన సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు దానికి కారణం. కీలు విప్పితే తప్ప ఆ పగులు ఎవరికీ కనిపించేది కాదు. ఆ రకం ఉక్కు అలాంటి వాతావరణంలో అలా పగులుతుందని కట్టిన నాటికి తెలియదు. ఇక్కడ దోషిని వెతకడం వృథా. కానీ ఒక్క కడ్డీ తెగితే మొత్తం కూలేలా కట్టిన వంతెన అది అన్న సంగతి తెలిసింది. అమెరికా అంతటా వంతెనల తనిఖీకి ఒకే ప్రమాణాలు 1971లో వచ్చింది దాని తర్వాతే. దోషి దొరకని చోట కూడా దర్యాప్తుకు విలువ ఉంటుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇదంతా విరిగిన ముక్క మిగిలి ఉంటేనే సాధ్యం. మన దగ్గర మిల్లులో షాఫ్టు విరిగితే ఆ సాయంత్రానికే కొత్తది బిగించడం, పాతదాన్ని పాత ఇనుము కొట్టుకు పంపడం మామూలు. పని ఆగితే నష్టమన్నది నిజమే, కానీ కారణం తెలియకుండా బిగించిన కొత్త షాఫ్టు అదే మూలలో మళ్లీ పగులుతుంది. ఫ్యాక్టరీల్లో, పంపుహౌసుల్లో, బస్సు డిపోల్లో పనిచేసేవాళ్లను ఒక్కటి కోరుతున్నాను. ఏదైనా విరిగితే ముందు ఫొటో తీయండి. విరిగిన ముఖాన్ని వైర్ బ్రష్‌తో రుద్దకండి, వేలితో తాకకండి. సరిపోతున్నాయో లేదో చూద్దామని రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించకండి, ఆ గీతలు చెరిగిపోతాయి. తేమ తగలకుండా చుట్టి, ఎన్ని గంటలు నడిచిందో రాసి కట్టండి. కారణం తేలేదాకా దాన్ని పాత ఇనుము కింద అమ్మకండి.