కొండమీది విశ్రాంతి

అరకులోనో లంబసింగిలోనో ఫలానా రిసార్టును విస్తరిస్తున్నారు, కొత్తగా స్పా కడుతున్నారు, ఈతకొలను తవ్వుతున్నారు అని వార్త వచ్చినప్పుడల్లా మన మిత్రులు రెండు రకాలుగా స్పందిస్తారు. మొదటిరకం వారు అభివృద్ధి జరుగుతున్నదని సంతోషిస్తారు. వారితో మన తగాదా పాతదే. రెండోరకం వారు మనవాళ్లు. డబ్బున్నవాడు ఒంటికి నూనె పట్టించుకుని వేడినీళ్ల తొట్టెలో పడుకుంటాడని వినగానే వీరికి ఒళ్లు మండుతుంది. అది నైతిక పతనం అంటారు. నాకు ముందుగా పేచీ ఉన్నది వీరితోనే.

సుఖం పాపమని చెప్పింది సన్యాసులు, శ్రామికులు కాదు. ఒళ్లు పట్టించుకోవటం, తలంటు పోసుకోవటం మన పల్లెల్లో పండగ లక్షణాలు. 1886లో షికాగో కార్మికులు 8 గంటల పనిదినం కోసం సమ్మె కట్టారంటే మిగతా గంటలు తమవి కావాలనే గదా! మార్క్సు అల్లుడు లఫార్గ్ 1880లో సోమరిగా ఉండే హక్కును గురించి ఒక పుస్తకమే రాశాడు. విశాఖ ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర నిలబడేవాడు డిసెంబరులో నాలుగు రోజులు కొండ ఎక్కి మంచు చూసి వస్తే ఎవరికి నష్టం? వాడికి మసాజు కూడా దొరికితే మరీ మంచిది. గనక విశ్రాంతిని దుయ్యబట్టే వాదం మనకు పనికిరాదు. ప్రశ్న వేరే చోట ఉన్నది.

అతిథి వచ్చినప్పుడు ఇంటివాడు తలుపు తీస్తాడు. దాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. కాని తలుపు తీయటానికి విలువ ఎక్కడినుంచి వస్తున్నది? వేసుకోగల శక్తి కూడా ఆ ఇంటివాడికి ఉండటం నుంచి. తలుపు వేసుకునే అధికారం లేనివాడు ఇచ్చేది ఆతిథ్యం కాదు. దానికి మన భాషలో వెట్టి అని మరో మాట ఉన్నది. కొండమీద కట్టే ప్రతి విశ్రాంతి మందిరం గురించీ అడగవలసిన ప్రశ్న నాకు ఇదొక్కటే కనబడుతున్నది: అక్కడివాడు వద్దనగలడా?

లంబసింగిని ఆంధ్రా కాశ్మీరు అంటున్నారు, అరకును ఆంధ్రా ఊటీ అంటున్నారు. మన కొండలకు సొంత పేర్లు చాలలేదు కాబోలు. ఆ అసలు ఊటీ ఎలా పుట్టిందో తెలిస్తే ఈ పోలిక పెట్టేవాళ్లు కాస్త తటపటాయిస్తారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1820లలో తోడల మేతభూములను కారుచౌకగా కొని అక్కడ బంగళా కట్టాడు, చెరువు తవ్వించాడు. తర్వాత అది మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. తోడలు చూడదగిన వింతల్లో ఒక వింత అయినారు.

మన కావ్యాలు కూడా ఈ విషయంలో నిర్దోషులు కావు. పెద్దన గారి ప్రవరుడు మన సాహిత్యంలో మొదటి టూరిస్టు. పాదలేపనంతో మధ్యాహ్నానికి ఇల్లు చేరదామనుకుని హిమాలయం వెళతాడు, పసరు మంచులో కరిగిపోతుంది. ఆ కొండమీద అతనికి కనబడ్డది గంధర్వకాంత. కట్టెలు మోసే మనిషి కనబడలేదు. అయినా ప్రవరుడిలో ఒక సుగుణం ఉన్నది: తాను పరాయివాడినని ఎరిగి దారి అడిగాడు.

లంబసింగి దారికి మటుకు వేరే చరిత్ర ఉన్నది. 1920లలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు పనికి కొండవాళ్లను బలవంతాన తోలించి, వారి కూలి దిగమింగాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడటానికి గల కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. రోడ్డు చెడ్డదని ఎవరూ అనలేదు. రానని చెప్పే హక్కు లేని పని అది. ఈనాడు శని ఆదివారాలలో కార్లు బారులు తీరి ఎక్కుతున్నది ఆ నర్సీపట్నం వైపు నుంచే.

వద్దనగల ఆ హక్కును చట్టంలోకి ఎక్కించటానికి చాలాకాలం పట్టింది. 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు మీద ఒక చట్టం వచ్చింది. 1959లో నిబంధన వచ్చింది. 1970లో దాన్ని సవరించారు. జనం నోట అదే 1/70 అయింది. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి పోవటానికి వీలులేదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గరనుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవలసినవాడు అతనే. అనంతగిరి మండలంలో బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమతా కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసి, ప్రభుత్వం కూడా అక్కడ తన భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదన్నది.

చట్టం ఉన్నచోట దొంగదారీ ఉంటుంది. కాగితం మీద గిరిజనుడి పేరు, గల్లాపెట్టె దగ్గర మరొకడు. 2025 జనవరిలో దొంగదారి అక్కర్లేకుండా రాచబాటే వెయ్యవచ్చునన్న సూచన వచ్చింది. విశాఖపట్నంలో పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభ స్పీకరు 1/70ను పర్యాటకం కోసం సవరించాలన్నారు. ఫిబ్రవరిలో ఏజెన్సీ బంద్ జరిగింది. ఆ చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రి చెప్పవలసి వచ్చింది. కొండవాళ్లు తలుపు వేసి చూపించారన్నమాట.

ఇప్పుడు ఉద్యోగాల వాదానికి వద్దాం. దీన్ని తేలికగా కొట్టిపారేసే మిత్రులు ఏజెన్సీ కుర్రవాళ్లతో మాట్లాడి ఉండరు. పాడేరు వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు ఈ విషయం మీద నాతో వాదించాడు. "మా అన్న రిసార్టులో పని చేస్తాడు సార్. మీరంతా వద్దు వద్దంటే వాడు విజయవాడ పోయి ఇటుకలు మోయాలి" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. మీ అన్న రోజూ పనికి వెళతాడా అని అడిగాను. "కాఫీ పళ్లు కోసేటప్పుడు వెళ్లడు సార్. మేనేజరు తిడతాడు. తిడితే తిట్టాడు, మాకు రెండెకరాల తోట ఉంది గదా" అన్నాడు.

కాఫీ కోత నవంబరు నుంచి జనవరి దాకా సాగుతుంది. టూరిస్టులు విరగబడేదీ ఆ నెలల్లోనే. అంటే మేనేజరుకు మనిషి మరీ అవసరమైనప్పుడే అతను పనికి రాడు. ఆ రెండెకరాలు అతనికి ఆదాయమే కాదు, మేనేజరుతో మాట్లాడగల గొంతు కూడా. తోట పోయి ఉద్యోగం మిగిలిన రోజున జీతం రెండింతలు కావచ్చు, గొంతు మటుకు ఉండదు. లెక్కల్లో మొదటిది కనబడుతుంది, రెండోదానికి గడి లేదు.

విస్తరణ అసలు ప్రశ్న అయ్యేది ఇక్కడే. పది కాటేజీల బస ఇలాంటి మనిషిని భరించగలదు. వంద గదులు, స్పా, ఈతకొలను ఉన్నచోట ప్రతిరోజూ తుండుగుడ్డలు ఉతకాలి, తొట్టెలు నింపాలి, మసాజుకు శిక్షణ పొందిన చెయ్యి సిద్ధంగా ఉండాలి. కోతకు పోయే మనిషి అక్కడికి పనికిరాడు. పరిమాణం గుణంగా మారటమంటే ఇదే. నీటి సంగతి ఇంకా స్పష్టం. కొండ ఊళ్లు చాలావరకు ఊటల మీద బతుకుతాయి. మైదానంలో ఎండలు భరించలేక జనం కొండ ఎక్కే నెలల్లోనే ఊట సన్నగిల్లుతుంది. అప్పుడు ఈతకొలను నిండుతుందా, బిందె నిండుతుందా అన్నది మోటారు ఎవరిదో దాన్నిబట్టి తేలుతుంది.

థింసా సంగతి ఒక్కమాట. పండక్కి ఊళ్లో ఆడే ఆట రిసార్టు పచ్చికలో ఆడితే దాని పవిత్రత చెడిందని విలపించేవారితో నేను ఏకీభవించను. ఆడినందుకు డబ్బు తీసుకోవటం తప్పు కాదు. ఈవేళ ఆడం అనగలిగితే చాలు.

బయటి డబ్బు కొండ ఎక్కితే నాశనమే తప్పదన్న నిరాశావాదమూ నాకు లేదు. అరకు కాఫీ 2017లో పారిస్ దాకా పోయి అక్కడ దుకాణం పెట్టింది. పారిస్ నాగరికుడి ఉదయపు సుఖానికి కొండవాడి చెట్టు ఆధారమైంది, చెట్టు కొండవాడి దగ్గరే ఉన్నది. ధర విషయంలో పోరాడవలసింది ఎంతైనా ఉండవచ్చు. పోరాడటానికి కాళ్లకింద నేల ఉన్నది.

1996 పెసా చట్టం గ్రామసభకు నోరిచ్చింది. ఆ సభలో విస్తరణ సంగతి వచ్చినప్పుడు ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్నది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి. ఊట వేసవిలో ఎంత ఇస్తుంది, భూమి ఎవరి పేర ఉంటుంది, గల్లాపెట్టె ఎవరిది అన్నవి ముందు రావాలి. అవన్నీ చూసుకుని ఊరివాళ్లు పది కాటేజీలు చాలు అనవచ్చు. స్పా కూడా కానివ్వండి, మా సంఘమే నడుపుతుంది అనవచ్చు. అసలేదీ వద్దనవచ్చు. ఈ చివరి మాట అన్నరోజున వీళ్లు వెనకబడ్డవాళ్లని విసుక్కునేవాళ్లు మొదటిరకం మిత్రుల్లోనే కాదు, మనలోనూ తేలతారని నా అనుమానం.