తాళపుచెవి ఎవరు అడగవలెను?



కారు నడుపు వృద్ధ సహోదరునికి పార్కిన్సన్స్ వ్యాధి వచ్చినప్పుడు తాళపుచెవి ఎవరు అడగవలెను? హూడిలో మన ఇండ్లలోను ఈ ప్రశ్న లేచినది. పెద్దవారిని నొప్పించరాదని మేము చాల దినములు మౌనముగా ఉంటిమి. అది మర్యాద అనుకొంటిమి. నిజమునకు మా పిరికితనమే.

రోగము పేరు వినగానే బండి మానుమనుట న్యాయము కాదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను ఇంగ్లండు వైద్యుడు వర్ణించిన ఈ జబ్బు అందరిలో ఒకే వేగముగా ముదరదు. చేతి వణుకు ఒక్కటే కొలత కాదు. కాలు బ్రేకు మీదికి ఆలస్యముగా పోవుట, రద్దీలో రెండు సంగతులు ఒకేసారి గమనింపలేకపోవుట, కొన్ని మందులవలన హఠాత్తుగా నిద్ర వచ్చుట, ఇవి కూడ చూడవలెను.

55 ఏండ్లు దాటినవారికి చట్టము లైసెన్సును ఐదేండ్లకే, వైద్యుని సర్టిఫికెట్టు చూచి పొడిగించును. ఐదేండ్లలో రోగము ఎంతో ముదరవచ్చును. కనుక నరముల డాక్టరును మధ్యమధ్య అడుగుట, ఇంటివారు ప్రక్క సీటులో కూర్చుండి గమనించుట అవసరము.

ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టించుమని ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది. ఎవరైన పడి, ఆ దోషము ఇంటిమీదికి రాకుండుటకే ఆ గోడ. బండి సంగతియు అట్టిదే. రోడ్డు దాటు బిడ్డ మన పొరుగువాడే.

అయితే తాళపుచెవి తీసికొని మనిషిని ఇంట విడిచిపెట్టుట ప్రేమ కాదు. 2023లో హూడికి మెట్రో వచ్చినది. స్టేషను వరకు నడువలేనివారు ఉన్నారు. అడిగిన నోటితోనే, "అన్నయ్యగారూ, ఆదివారము మేము వచ్చి తీసికొని వెళ్లెదము" అనవలెను. ఆ మాట లేకుండ అడిగినయెడల మన పని సగమే.